గునపానికి తాడు

రాత్రికి రాత్రే మూసుకుపోతుంది.
నిన్న ఎంత బాగా తవ్వానన్నది
మంచుకి అక్కర్లేదు.

కుఓపియోలో చలికాలం. ఉదయం ఆరు.
సూర్యుడు తొమ్మిదికి గాని రాడు, వచ్చినా మొహమాటంగానే.
కల్లావేసి సరస్సు మీద నడుస్తున్నాను,
ఒక చేతిలో లాంతరు, ఒక చేతిలో గునపం.
ఈతకొచ్చే ముసలాళ్ళ కోసం
చెక్కమెట్ల దగ్గర
మంచం పట్టేంత గుంట తెరిచి ఉంచడం నా పని.
ఇరవై రెండేళ్ళు లారీ నడిపినవాణ్ణి.
లైసెన్సు ఎలా పోయిందో
ఊళ్ళో అందరికీ తెలుసు కనక మళ్ళీ చెప్పను.

మొదటి వారం చేతులు వణికేవి.
చలికి అనుకుంటారులే అని ఒక ధైర్యం.
ఒకచోట వేసిన దెబ్బ
ఇంకోచోట తగిలేది.
హిల్కా అనే ఆవిడ, డెబ్బై తొమ్మిదేళ్ళు,
ఊలు టోపీ తియ్యకుండానే నీళ్ళలోకి దిగి
మెడదాకా మునిగి నన్నే చూస్తుండేది.
ఏమీ అనేది కాదు.
మా వైపు మాటలూ కట్టెల్లాంటివే,
వసంతం దాకా రావాలి.

లోపల ఏముందో చెప్పమని
కౌన్సెలింగు గదిలో అడిగారు.
గుండ్రంగా ఏడు కుర్చీలు, కాఫీ, దాల్చినచెక్క బన్ను.
"దాహం" అన్నాను.
అబద్ధం.
సాయంత్రం నాలుగయ్యేసరికి
ఇంట్లో నాతో ఉండబోయేవాడు నేనేనని తెలిసి
వాణ్ణి బయటికి గెంటడానికి ఒక సీసా కావాలి, అంతే.
వాడు ఏనాడూ పోలేదు.
మా ఆవిడ పోయింది.

మానేసిన పద్నాలుగో నెలలో జారింది.
గునపం సంగతే ముందు చెబుతాను:
చేతి తొడుగుల్లోంచి జారి, నిలువునా,
చప్పుడైనా చెయ్యకుండా దిగిపోయింది.
ఆ నల్లటి నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను.
సాయంత్రానికి నేనూ అలాగే.
మూడు రోజులు.
ఒక బస్టాపు బెంచీ తప్ప ఏమీ గుర్తులేదు.
బెంచీకి పచ్చరంగు కొత్తగా వేశారు.

నాలుగో రోజు వెళ్ళేసరికి
గుంట జానెడు మందాన పూడిపోయి ఉంది.
ఈతకి దారిలేక, ఒళ్ళో తువ్వాలుతో
బల్ల మీద హిల్కా.
తోపుడు బండి మీంచి కొత్త గునపం తీసి ఇచ్చింది.
పిడికి తాడు, తాడుకి మొండి ముడి.
"గునపాలు మునుగుతాయి.
మణికట్టుకి చుట్టుకో."
కాసేపాగి, మంచుతో అన్నట్టు:
"నాది రెండుసార్లు మునిగింది.
ముప్పై ఒక్క ఏళ్ళ కిందట."
టోపీ సర్దుకుంది.
నేను తవ్వడం మొదలుపెట్టాను.

క్షమించడమంటే ఏమిటో నాకింకా తెలీదు.
తాడు తెలుసు.

మార్చి మొదటి ఆదివారం ఐలా వచ్చింది, నా కూతురు.
గుమ్మంలో కౌగిలించుకుంటూ
నా మెడ దగ్గర ముక్కు ఒక్క క్షణం ఆపింది.
ఎనిమిదేళ్ళప్పుడు నేర్చిన విద్య అది,
తలుపు పూర్తిగా తెరుచుకునేలోపే
వచ్చింది ఏ నాన్నో కనిపెట్టడం.
ఇప్పుడు ఇరవై ఆరు. మర్చిపోలేదు.
మునుపైతే రోషం వచ్చేది,
తల పక్కకి తిప్పేసుకునేవాణ్ణి.
ఈసారి కదల్లేదు.
నోరు తెరిచి, మెల్లగా,
ఊపిరంతా వదిలాను,
తనకి కావలసినంతసేపు.

కాఫీ. కొంచెం పొగ. ఉల్లిపాయ.
వెతికింది దొరకలేదు.
దొరకనందుకే కాబోలు
ఇంకాసేపు అలాగే ఉండిపోయింది.

సోమవారం. మైనస్ ఇరవై నాలుగు.
మళ్ళీ మూసుకుపోయింది, చూశారా,
నిన్నటి సంగతి ఏమీ తెలియనట్టు.
తాడు చుట్టుకున్నాను.
ఏప్రిల్లో సరస్సు
తనంతట తనే విచ్చుకుంటుంది.
అప్పుడు పొద్దున్నే లేచి
ఏం చెయ్యాలో
హిల్కాని అడగాలి.